పాత వరసకు కొత్త మాటలు

కృపాబాయి మస్కట్ వచ్చి మూడో ఏడు నడుస్తోంది. అక్కడి రూవి పేటలో కొత్తగా కట్టిన ఆస్పత్రిలో నర్సు. సొంతూరు చీరాల. వయసు నలభై దాటింది. పెళ్ళి కాలేదు. చేసుకోలేదనేది ఆమె మాట, కుదరలేదనేది చుట్టాల మాట. తల్లి మంచాన పడ్డ ఏళ్ళన్నీ ఆమెకి చేసుకుంటూనే గడిచిపోయాయి. తల్లి పోయాక ఇంట్లో ఎటు చూసినా ఖాళీగా తోచింది. పేపర్లో ప్రకటన చూసి, మద్రాసు వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి, విమానం ఎక్కేసింది.

క్వార్టర్స్‌లో తక్కిన నర్సులందరూ మలయాళీ పిల్లలు. మంచివాళ్ళే. క్రిస్మస్‌కి పిలుస్తారు, వండిన కూర తెచ్చి పెడతారు. కానీ నలుగురూ చేరి కూర్చున్నారంటే మాటలు వాళ్ళ భాషలోకి జారిపోయేవి. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది, దేనికో తెలియకుండానే. డ్యూటీలో ఇంగ్లీషు, బజార్లో హిందీ, పేషెంట్లతో వచ్చీరాని అరబ్బీ. తెలుగు మటుకు మనసులోనే ఉండిపోయింది. ఒకనాడు పొయ్యి మీద గిన్నె పట్టుకుని "అబ్బా, చెయ్యి కాలిందే!" అని అరిచింది. ఆ మాట గదిలో వినపడేసరికి వెనక ఎవరో నిలబడి అన్నట్టు ఉలిక్కిపడి తిరిగి చూసింది. పైకి తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో లెక్కకి అందలేదు.

ఆ చలికాలంలోనే ఆ ఫ్రెంచాయన వార్డుకి వచ్చాడు.

మత్రా రేవులో పడవ మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాలికి తాడు కట్టి, ఆ తాడుకి బరువులు వేలాడదీసి, కదలకుండా పడుకోబెట్టారు. అరవై అయిదు దాటిన మనిషి. తెల్ల గడ్డం, పెద్ద ముక్కు, పొద్దస్తమానం మాటలే. యుద్ధం రోజుల్లో లండన్‌లో ఉన్నాడట, ఇంగ్లీషు బాగా వచ్చు.

"పేరు?" అంది కృపాబాయి, చార్టు అందుకుంటూ.

"అర్మాన్ పెరాల్."

ఆమెకి నవ్వాగలేదు. "మా ఊరి పక్కనే పేరాల అని ఉంది సార్. మా ఊరూ ఆ ఊరూ ఆనుకునే ఉంటాయి."

"అయితే మనం ఇరుగూ పొరుగూ అన్నమాట," అన్నాడాయన గంభీరంగా. ఆ రోజు నుంచి ఆమె మనసులో ఆయన పేరాల సారే.

ఆయన పని పాటలు పోగుచేయడం. ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచి రేడియోలో పనిచేశాడు. పల్లె పల్లె తిరిగి, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళకి గుర్తున్న పాటలన్నీ మిషన్లోకి ఎక్కించేవాడు. రిటైరయ్యాక ఒమన్ పడవవాళ్ళు తెరచాప ఎత్తేటప్పుడు పాడే పాటల కోసం ఇంత దూరం వచ్చి, ఆ పడవ మీదే కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచం పక్కన బిస్కెట్ల డబ్బా నిండా కేసెట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డు సద్దుమణిగితే, చిన్న టేప్ రికార్డర్ పొట్ట మీద పెట్టుకుని వినేవాడు. కృపాబాయి మందులివ్వడానికి వస్తే ఇక వదిలేవాడు కాదు.

"సిస్టర్, ఇది విను. ఇది మా అమ్మమ్మ వాళ్ళ దక్షిణాది పాట. ఫ్రెంచి కాదు, ఆ ప్రాంతం భాష. ఎనిమిది వందల ఏళ్ళ కింద మా దొరల కొలువుల్లో ఆ భాషలోనే పాటలు కట్టి పాడేవాళ్ళు. ఎప్పుడూ చూడని ఆడదాని మీద, దక్కని ఆడదాని మీద."

"చూడకుండానే పాటలా?"

"చూస్తే పాట ఎందుకు?" అని కళ్ళెగరేసేవాడు.

ఇంకో రోజు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పల్లెవాళ్ళు పాడుకునే పాటలు వినిపించాడు. ఒకరు అందుకుంటే అందరూ తిరిగి అనేవి. ఆ పైన పారిస్ వంతెన సంగతి చెప్పాడు. పూర్వం ఆ వంతెన మీద పాటగాళ్ళు నిలబడి, ఊళ్ళో జరిగిన హత్యలూ, రాజు గారి ఇంట్లో గొడవలూ పాటగా కట్టి పాడి, అచ్చువేసిన కాగితాలు అమ్మేవాళ్ళట. కాగితం మీద స్వరాలు ఉండేవి కావు. జనానికి ముందే తెలిసిన ఏదో ఒక పాట పేరు రాసి, 'దాని మీద పాడుకోండి' అని ఉండేదట.

"మాక్కూడా అంతే సార్!" అంది కృపాబాయి, చేతిలో మందు గ్లాసు సంగతే మరిచిపోయి. "మా చర్చి పాటల పుస్తకంలో ఒక్కో పాట పైన రాసుంటుంది, ఫలానా పాట వరస అని. వరస వస్తే చాలు, మాటలు ఎవరైనా పట్టుకుంటారు."

"వరస," అన్నాడు ఆయన, ఆ మాటని నోట్లో చప్పరిస్తున్నట్టు. "మంచి మాట. ఏదీ, ఒకటి పాడు."

"నేను పాడను సార్."

"గొంతు లేదా?"

"ఉండేది. అమ్మకి పాడేదాన్ని. అమ్మ పోయాక ఎవరికి పాడాలి?"

ఆయన బలవంతం చేయలేదు. కేసెట్ మార్చాడు.

అలా రోజుకి కాస్త చొప్పున ఆయన చెప్పే పాట కథ కాలంతో పాటు నడిచివచ్చింది. గ్యాసు దీపాల కింద జనం తాగుతూ వినే పెద్ద పెద్ద కాఫీ హోటళ్ళు వచ్చాయి. గ్లాసుల చప్పుడు మించి వినపడాలని పాడేవాళ్ళు గొంతు చించుకునేవాళ్ళు. తరవాత రేవుల్లో, మురికి సందుల్లో బతుకు చెడిన ఆడవాళ్ళ గోడు పాటలోకి వచ్చింది. తరవాత మైకు వచ్చింది. మైకు వచ్చాక అరవాల్సిన పని లేకుండా పోయింది, చెవి దగ్గర గుసగుసలాడినట్టు పాడటం మొదలైంది. యుద్ధం అయ్యాక నేలమాళిగల్లో గిటారు ఒక్కటే పట్టుకుని, కవిత్వమే పాటగా పాడేవాళ్ళు వచ్చారు.

"మొదట అందరూ పాడేవాళ్ళు," అన్నాడాయన ఒకసారి, బరువులు వేలాడే తాడు వంక చూస్తూ. "ఆ తరవాత ఒకడు పాడితే అందరూ విన్నారు. ఇప్పుడు ఒకడు మిషన్లోకి పాడతాడు, ఒకడు గదిలో తలుపేసుకుని వింటాడు. పాట ఎంత బాగుపడిందో మనిషి అంత ఒంటరివాడయ్యాడు సిస్టర్."

కృపాబాయికి తన గదీ, కిటికీలోంచి కనపడే బోడి కొండా గుర్తొచ్చాయి. "తలుపేసుకున్నవాడికి ఆ పాట కూడా లేకపోతే ఏం చేస్తాడు సార్?" అంది. ఆయన ఆమె వంక ఒకసారి చూసి, టేపు ఆపేశాడు.

"ఆ తరవాత ఏమొచ్చాయి?" అని ఆమే అడిగింది.

ఆయన మొహం చిట్లించాడు. "తరవాతా? ఏముంది, కోతిగంతులు. కరెంటు గిటార్లు. అమెరికా వాళ్ళ వరసలకి ఫ్రెంచి మాటలు అతికించి, మాటలు చాలని చోటల్లా 'యే యే' అని అరవడం. జనం ఆ పాటలకి పేరే అలా పెట్టారు."

"ఏయ్ ఏయ్ అనా? మా దగ్గర గేదెల్ని అదిలించేటప్పుడు అలాగే అంటారు."

ఆయన పకపక నవ్వాడు. నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. తనకో కూతురుందని చెప్పాడు. పేరు సిల్వీ. పద్నాలుగేళ్ళప్పుడు ఆ పాటలంటే ప్రాణం పెట్టేదట. ఆయన రేడియోలో కూర్చుని, ఇంట్లో కూతురు వినేది ఏ పాటో దాన్నే పట్టుకుని ఊరంతా వినేలా వెక్కిరించాడట. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తే ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. తల్లి చనిపోయాక కూతురు ఇల్లు విడిచి వెళ్ళింది. ఇప్పుడు ఎక్కడో టీచరు.

"రాదా?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?" అని కేసెట్ల డబ్బా మూత వేసేశాడు. ఆ డబ్బాలో యే యే పాట ఒక్కటీ లేదు.

ఇంకో వారంలో కాలి బరువులు తీసేస్తారనగా మరో దెబ్బ తగిలింది. పొద్దున కృపాబాయి టిఫిన్ ట్రే తీసుకుని వచ్చేసరికి ఆయన నోరు ఒక పక్కకి వాలి ఉంది. కుడి చెయ్యి చచ్చుబడింది. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి. ఏదో చెప్పాలని గింజుకున్నాడు. "ట... ట... ట..." అంతకు మించి రాలేదు.

డాక్టర్ షరీఫ్ వచ్చాడు. ఆయనది ఈజిప్టు, అలెగ్జాండ్రియాలో పాదిరీల బడిలో ఫ్రెంచి చదువుకున్నవాడు. ఫ్రెంచిలో పలకరించాడు, ఇంగ్లీషులో పలకరించాడు. పేషెంటుకి అంతా అర్థమవుతోంది. మాటే లేదు. "మెదడులో మాట పుట్టే చోట దెబ్బ తగిలింది," అన్నాడు డాక్టరు బయటికొచ్చి. "ప్రాణానికి భయం లేదు. మాట సంగతి చెప్పలేను." ఊళ్ళో ఉన్న ఫ్రెంచి కంపెనీ వాళ్ళ ద్వారా ఫ్రాన్స్‌కి, కూతురికి కబురు పంపారు.

అంత వాగుడుకాయ మనిషి మూగవాడై పడుంటే వార్డులోకి అడుగుపెట్టాలంటే కృపాబాయికి మనసొప్పేది కాదు. నీళ్ళు కావాలో, నెప్పి పుట్టిందో, పక్క మార్చాలో, అన్నిటికీ ఆ ఒక్క "ట"నే. తను ఊహించి ఏదో ఒకటి ఇస్తే, అది కాదని తల విసిరి గోడ వైపు తిరిగేవాడు. కంటి కొసన నీళ్ళు దిండు మీదికి జారేవి. తన నోట్లో తెలుగు ఎలా ఉండిపోయిందో ఆమెకి తెలుసు. కానీ తనకి మాట ఉంది, వినేవాళ్ళు లేరు. ఆయనకి వినేవాళ్ళున్నారు, మాట లేదు. ఏది నయమో ఆమెకి తేలలేదు.

ఒక పొద్దున ఆయన వీపు తడిగుడ్డతో తుడుస్తోంది. మనసు ఎక్కడో ఉంది. తల్లికి కూడా ఇలాగే తుడిచేది, తుడుస్తూ పాడేది. చెయ్యి ఆ పనిలో ఉండగా గొంతులోంచి దానంతటదే కూనిరాగం మొదలైంది. చిన్నప్పుడు తల్లి తనకి పాడిన జోలపాట. మాటలు కూడా లేవు, వట్టి వరసే.

ఒక చోట ఆ కూనిరాగం రెండు గొంతులైంది.

కృపాబాయి చెయ్యి ఆగిపోయింది. ఆయన కూడా ఆగాడు. ఆమె మళ్ళీ అందుకుంది. ఆయన కలిశాడు. కాసేపటికి ఆ జోలలోంచి పక్కకి తొలిగి తన సొంత పాటలోకి వెళ్ళిపోయాడు. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే పిల్లల పాట అది. కేసెట్లో ఎన్నిసార్లు విన్నదో. దాంట్లో మాటలున్నాయి. మాటలు! ఒకటి వెంట ఒకటి, తడుముకోకుండా, పూసలు గుచ్చినట్టు వస్తున్నాయి. పాట అయిపోగానే సంబరంగా ఏదో చెప్పబోయాడు. "ట... ట..."

ఆమె పరుగున వెళ్ళి డాక్టర్ని లాక్కొచ్చింది. డాక్టర్ షరీఫ్ నిలబడి విన్నాడు. "పుస్తకాల్లో చదివాను," అన్నాడు నెమ్మదిగా. "మాట పోయినా కొందరికి పాట మిగులుతుందని. కళ్ళతో చూడటం ఇదే మొదలు."

"అయితే మాటలు పాటలో పెడితే?" అంది కృపాబాయి.

"ఎలా?"

"పాత వరసకి కొత్త మాటలు కడదాం డాక్టర్. సారే చెప్పారు, వంతెన మీద వాళ్ళు అలాగే చేసేవాళ్ళట."

డాక్టరు దగ్గర ఫ్రెంచి మాటలు నేర్చుకుంది. నీళ్ళు, నెప్పి, చలి, ఆకలి. పిల్లల పాట మొదటి ముక్కలో అసలు మాట తీసేసి 'నీళ్ళు' పెట్టి పాడింది. ఆమె ఉచ్చారణకి ఆయన ఎడమ పక్క పెదవి నవ్వింది. వరస పట్టుకున్నాడు, మాట మీదికి వచ్చేసరికి తడబడ్డాడు, మళ్ళీ అందుకున్నాడు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం వార్డు ఆ చివర నుంచి 'నీళ్ళు కావాలి' అన్న పాట వినపడింది. మందుల బల్ల దగ్గర ఉన్న కృపాబాయి గ్లాసు పట్టుకుని పరుగెత్తింది. ఆయన తాగుతుంటే పక్కకి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

పిల్లల పాటల వెనక ఆయన నోట సంతల్లో పాడేవి వచ్చాయి. ఆ వెనక యుద్ధం నాటి రేడియో పాటలు. చేతిలో గిటారు ఉన్న కవుల పాటలు రెండో మూడో. అక్కడితో ఆగిపోయాయి. కృపాబాయి రోజూ డ్యూటీ అయ్యాక కూడా ఉండిపోయేది. తనకి తెలిసిన వరసలన్నీ పాడేది, ఆయన కలిసేవాడు. గదికి వెళ్ళినా ఆ వరసలు చెవుల్లోనే ఉండేవి. ఇన్నేళ్ళలో మొదటిసారి తెల్లవారితే డ్యూటీకి వెళ్ళాలని తొందరపడేది.

అప్పుడు సిల్వీ వచ్చింది.

పొట్టి జుట్టు, అలసిపోయిన మొహం, భుజాన సంచీ. మంచానికి దూరంగానే నిలబడింది. తండ్రిని చూసి ఏదో అంది, పొడిగా, ముక్తసరిగా. ఆయన ఎడమ చెయ్యి చాచాడు. "స... స..." అని పెనుగులాడాడు. పేరు రాలేదు. మొహం కందగడ్డలా అయింది. కృపాబాయి 'పాడండి సార్' అన్నట్టు తల ఊపింది. ఆయన కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

ఆ పాట కృపాబాయి ఎన్నడూ వినలేదు. ఏ కేసెట్లోనూ లేదు. గంతులేసే వరస, పిల్లకాయల పాట. మధ్యమధ్య 'యే యే' అని వస్తోంది.

సిల్వీ మొహం బిగుసుకుపోయింది. కృపాబాయి వైపు తిరిగి ఇంగ్లీషులో అంది: "చూశారా? చావుబతుకుల్లో కూడా నన్ను వెక్కిరించడమే."

"వెక్కిరింత కాదమ్మా," అంది కృపాబాయి. "ఆయనకి మాట లేదు. ఏం పాడాలో ఎంచుకునే శక్తి కూడా లేదు. లోపల బాగా నాటుకున్నవే వస్తున్నాయి. ఇది ఇన్నాళ్ళూ రాలేదు. నిన్ను చూశాకే వచ్చింది."

"నేను ఆ పాట పెడితే తలుపు మూసేసేవాడు!"

"తలుపు అవతల నిలబడి విన్నారేమో. వినకపోతే మొత్తం ఎలా వస్తుంది?"

సిల్వీ తండ్రి వైపు తిరిగింది. ఆయన ఆపకుండా పాడుతూనే ఉన్నాడు, ఒక్క మాట తప్పకుండా, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే. రెండో చరణం దగ్గర ఆ పిల్ల మంచం మీద కూలబడి, తండ్రి చచ్చుబడ్డ చేతిని ఒళ్ళోకి తీసుకుంది. గొంతు కలిపింది. యే యే అని ఇద్దరూ కలిసి అన్నారు. అంటూనే ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు.

కృపాబాయి ట్రే తీసుకుని వరండాలోకి వచ్చేసింది. సంతోషంగానే ఉంది. కానీ లోపల నుంచి వాళ్ళ పాట వినపడుతుంటే, తన చేతిలోంచి ఎవరో ఏదో తీసుకున్నట్టూ ఉంది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడినా ఆ మాట నిజమే. మర్నాటి నుంచి నీళ్ళ పాట పాడితే గ్లాసు అందించడానికి కూతురుంది.

నాలుగైదు రోజుల్లో ప్రయాణం కుదిరింది. స్ట్రెచర్ మీద అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పిల్లల పాట వరసలో, మొదటి మాట ఉండాల్సిన చోట 'కృ-పా-బా-యీ' అని పెట్టి పాడాడు. కూతురు నేర్పినట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. "వెళ్ళి రండి పేరాల సార్," అంది ఆమె తెలుగులో. తలుపు మూశారు. బండి సీబు ఎయిర్‌పోర్టు రోడ్డు పట్టింది. ఆ మంచం మీదికి సాయంత్రానికే ఇంకో పేషెంటుని తెచ్చారు.

శుక్రవారం సెలవు. గదిలో ఉండలేక మత్రా వెళ్ళింది. సూక్ బజార్లో ఒక చుట్టు తిరిగింది, ఏమీ కొనలేదు. రేవు గట్టు మీద కూర్చుంది. పడవలున్నాయి గాని ఎవరూ పాడటం లేదు. ఎండ తగ్గుతోంది. వెనక ఎవరో పోట్లాడుకుంటున్నారు.

"పప్పుల ఉప్పు నువ్వు ఏస్తివి, మల్ల నేను ఏస్తి. ఇగ తింటరా ఎవడన్న?"

"ఏస్తున్నప్పుడు చెప్పొద్దారా మరి?"

ఆమె గబుక్కున తిరిగింది. ఇద్దరు కూలీలు, సిమెంటు పట్టిన బట్టలు. ఆమె చూపు చూసి ఇద్దరూ పోట్లాట ఆపేశారు.

"మీరు తెలుగువాళ్ళా?" అంది.

"అవునక్కా! మీరు గూడనా? నా పేరు నర్సయ్య, గీడు పెద్దులు. మాది ధర్మపురి దిక్కు. మీదేడ?"

"చీరాల."

"గదేడుంటదో ఎర్కలేదు గని, తెల్గే గద!" అని నర్సయ్య పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "ఆర్నెల్లాయె అక్కా, ఆడమనిషి తెలుగు ఇనక."

ఆమె ఆస్పత్రి పేరు చెప్పబోయింది, ఒంట్లో బాగోకపోతే రమ్మనబోయింది. ఇంతలో రోడ్డు మీద కంపెనీ లారీ హారన్ మోగించింది. ఇద్దరూ లేచి పరుగు తీశారు.

"ఏడుంటారు మీరు?" అని అరిచింది.

"రేపు సోహార్ పోతున్నమక్కా, ఆడ కొత్త సైటు!" అని లారీ మీద నుంచి పెద్దులు కేకేశాడు. "పైలం!"

లారీ మలుపు తిరిగింది. దుమ్ము సద్దుమణిగేదాకా కృపాబాయి అక్కడే నిలబడింది. చిల్లర బైసాలకే ఎక్కించుకునే చిన్న బండి, బైసా బస్సు, వచ్చి ఆగింది. డ్రైవరు తలపాగా చుట్టుకున్న ముసలాయన.

"రూవికి పోతావా నాయనా?" అంది ఆమె, తెలుగులోనే.

రూవి అన్న ఒక్క మాట ఆయనకి అందింది. తల ఊపి తలుపు తీశాడు. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.